అరవై రెండో పేజీ

ఆ ఉదయం ప్లానాయన తనకోసం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. తొమ్మిదిన్నరకు ఆఫీసు చేరుకోవాలి. పదింటికి ఒక టీ తాగాలి. పదకొండింటికి కొత్త ఎండీ పెట్టిన మీటింగులో, ఎవరైనా తనవైపు చూసి అడిగితే తప్ప, నోరు విప్పకుండా కూర్చోవాలి. అలా కూర్చున్నవాడికి ఏ మీటింగులోనూ ఏ హానీ జరగదని పన్నెండేళ్ళ అనుభవం ఆయనకు నేర్పింది.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది హాజరుపట్టీ దాటి బయటకు రాలేదు. లిఫ్టులు తయారుచేసి, బిగించి, చెడిపోతే బాగుచేసే ఆ పెద్ద కంపెనీలో ప్రణాళికా విభాగం అంటే ఆయనే కాబట్టి, కింది నుంచి పైదాకా అందరికీ ఆయన ప్లానాయనే. విభాగంలో ఆయన కాక ఇంకొక్క మనిషి ఉన్నారు. ఆయన రాసింది టైపు చేసే పెద్దావిడ. ఆవిడను అందరూ పిన్నిగారూ అని పిలిచేవారు.

ఏటా ఆయన కంపెనీకి ఐదేళ్ళ వ్యూహాత్మక ప్రణాళిక రాస్తాడు. ఐదేళ్ళ ప్రణాళిక ఏటా ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రాసే పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒకటే. పోయినేడాది ప్రణాళిక బయటకు తీస్తాడు. సంవత్సరాల అంకెలు మారుస్తాడు. "గణనీయంగా" అని ఉన్నచోట "మరింత గణనీయంగా" అని చేరుస్తాడు. పిన్నిగారి చేతికిస్తాడు. ఎనభై నాలుగు పేజీలు, ఆకుపచ్చ అట్ట. ప్రతి విభాగానికీ ఒక ప్రతి వెళ్తుంది. అక్కడ అది కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డంగానో, కుంటి టేబులు కాలు కింద ఎత్తుగానో ఏడాదంతా నమ్మకంగా పనిచేస్తుంది.

కొత్త ఎండీ మాత్రం వేరే రకం. వచ్చి ఇంకా రెండు వారాలు కాలేదు. బోల్టులు బిగించే పని నుంచి మొదలుపెట్టి పైకొచ్చిన ఇంజనీరు. నిన్న సాయంత్రం రెండు వాక్యాల సర్క్యులర్ పంపింది. "ప్రతి విభాగాధిపతీ ప్రణాళికలో తాను అమలు చేసిన అంశం ఒక్కటైనా రేపు పదకొండింటికి నాకు చూపించాలి. అది చూశాక ప్రణాళికా విభాగం ఉండాలో వద్దో తేలుస్తాను." వద్దని తేలితే ప్లానాయనను ఎక్కడికి పంపుతారో అందరికీ తెలుసు. తొమ్మిది గంటల రైలు ప్రయాణం దూరంలో కంపెనీకి ఒక విడిభాగాల గోదాము ఉంది. ఇంతవరకు అక్కడికి వెళ్ళినవాళ్ళు రిటైరయ్యాకే తిరిగొచ్చారు.

"మీటింగులో మిమ్మల్ని అడిగితే ఏం చెప్తారు?" అంది భార్య, ఆయన కాలరు సరిచేస్తూ.

"అడగరు."

"అడిగితే?"

"అడిగినప్పుడు చూసుకుందాం."

"పన్నెండేళ్ళుగా ప్లాన్లు రాస్తున్న మనిషి మాట్లాడే మాటేనా అది?"

ఆమె కంగారుకు కారణముంది. మూడు నెలల కిందటే వీధి చివర ఒక గదిలో నాలుగు కుట్టుమిషన్లతో దుకాణం తెరిచింది. తెరవాలని పదిహేనేళ్ళు ఆలోచించి తెరిచింది. అప్పుడే రెండు బడుల యూనిఫారాలు ఆమె చేతికొచ్చాయి. "నేను మాత్రం మిషన్లు నెత్తినపెట్టుకుని ఏ గోదాముకీ రాను. మీరక్కడ, నేనిక్కడ. అదీ ఒక సంసారమేనా చెప్పండి?" అని నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు చివరిదాకా నిలవలేదు.

"తేలగానే ఫోన్ చెయ్యండి."

"చేస్తాగా," అంటూ చెప్పులేసుకున్నాడు.

సరిగ్గా తొమ్మిదిన్నరకు ఆఫీసు గుమ్మంలో అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయాడు. రిసెప్షన్ లేదు. రిసెప్షన్ అమ్మాయి లేకపోవడం వేరు, రిసెప్షనే లేకపోవడం వేరు. పొడుగాటి బల్ల, సోఫా, గోడగడియారం, పూలకుండీ, ఏదీ లేదు. బల్ల ఉన్నచోట నేలమీద దుమ్ములేని పొడుగాటి మచ్చ ఒకటి తళతళలాడుతోంది. గోడకు ఆనుకుని ఒక పెద్దమనిషి సంచీతో నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ ఒక కంపెనీ ఉండాలండీ," అన్నాడాయన బెరుగ్గా.

ప్లానాయన ఖాళీ గోడలవంక చూశాడు. విభాగం ఎత్తేస్తారనుకుంటే కంపెనీనే ఎత్తేశారా? అంతలో పైనుంచి ఇనుము ఈడుస్తున్న చప్పుడు, దాని వెనకే "అటు కాదు, ఇటు!" అని కేకలు వినిపించాయి. ఎవరో ఉన్నారు, అది చాలు అనుకుని మెట్లవైపు పరిగెత్తాడు. లిఫ్టు ఊసే లేదు. లిఫ్టుల కంపెనీలో లిఫ్టు ఎనిమిది నెలలుగా పనిచేయడం లేదు. దాని తలుపుకు వేలాడదీసిన "మరమ్మతులో ఉన్నది" అన్న అట్టముక్కే వెలిసిపోయి మరమ్మతుకు వచ్చింది.

మొదటి అంతస్తులో, నిన్నటిదాకా స్టోర్సు విభాగం ఉన్న హాల్లో ఒక మూల, రిసెప్షన్ అమ్మాయి తన పొడుగాటి బల్ల వెనక కూర్చుని ఉంది. ఒళ్ళో టెలిఫోను. దాని తీగ గాలిలో ఊగుతోంది.

"ఇక్కడున్నావేంటమ్మా?"

"ఒక అంతస్తు పైకి మారాం సార్. స్టోర్సువాళ్ళు పూర్తిగా ఖాళీ చేసేదాకా ఈ మూల కూర్చోమన్నారు."

"ఎవరు మారమన్నారు?"

ఆ పిల్ల ఆయనను వింతగా చూసింది. "మీరే కదా సార్!" అంటూ ఆకుపచ్చ పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివింది. "అరవై రెండో పేజీ. ప్రణాళిక అమలులో భాగంగా ప్రతి విభాగమూ తదుపరి సమీక్షా సమావేశంలోగా తానున్న అంతస్తు నుంచి ఒక అంతస్తు పైకి మారవలెను."

ప్లానాయనకు గుర్తొచ్చింది. పోయినేడాది వానలు పడుతున్న ఒక మధ్యాహ్నం, తాను రాసేది ఈ లోకంలో ఒక్కరైనా చదువుతున్నారా అని ఆయనకు ఉక్రోషం పుట్టుకొచ్చింది. ఆ ఉక్రోషంలో అరవై రెండో పేజీ మధ్యన ఈ వాక్యం ఇరికించాడు. ఎవరైనా చదివితే ఫోన్ చేస్తారు, ఇద్దరూ కలిసి నవ్వుకోవచ్చు, ఒక టీ తాగొచ్చు అనుకున్నాడు. నెలరోజులు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. అప్పటి ఎండీ అయితే "చాలా లోతైన ప్రణాళిక" అని వీపు తట్టాడు కూడా. ఆ తర్వాత ప్లానాయన ఆ సంగతే మర్చిపోయాడు. ఈ ఏడు అలవాటు ప్రకారం అంకెలు మార్చి అచ్చుకు ఇచ్చేశాడు.

రెండో అంతస్తుకు వెళ్ళే మెట్లమీద స్టోర్సక్క ఎదురైంది. స్టోర్సు విభాగానికి పెద్ద ఆవిడే. ఊళ్ళో సగం మందికి అక్క. చంకలో ఒక అట్టపెట్టె, వెనక పెట్టెలు మోస్తున్న ఆరుగురు మనుషులు.

"అక్కా, ఆపండక్కా! అసలెందుకిలా చేస్తున్నారు?"

"ఎందుకేంటి నాయనా? నిన్న ఇంటికి తీసుకెళ్ళి నీ పుస్తకం మొత్తం చదివాను. 'సమన్వయాన్ని పటిష్ఠం చేయాలి' అన్నావు. దాన్ని పదకొండింటిలోగా ఆవిడకెట్లా చూపించను? 'దార్శనికతను విస్తరించాలి' అన్నావు. స్టోర్సులో ఆ సరుకు ఏ అరలో ఉందో నాకైతే తెలీదు. అట్లా అరవై ఒక్క పేజీలు తిప్పాను. కళ్ళు కాయలు కాశాయనుకో. అరవై రెండులో కనబడింది, మనుషులు చేయగలిగిన పని! ప్రాణం లేచొచ్చింది."

సరిగ్గా ఇదే ముచ్చట ప్రతి విభాగంలోనూ జరిగిందని ప్లానాయనకు మెల్లగా అర్థమైంది. ఉన్న ఎనభై నాలుగు పేజీల్లో చేసి చూపించదగ్గ వాక్యం అదొక్కటే. ప్రతి విభాగాధిపతీ దాన్ని తానొక్కడే కనిపెట్టానని మురిసిపోయి, పక్క విభాగానికి పొక్కకుండా, తనవాళ్ళను మాత్రం ఎనిమిదింటికే రమ్మన్నాడు. ఎనిమిదింటికి అందరూ మెట్లమీద కలుసుకున్నారు.

ఎండీ ఉదయం ఫ్యాక్టరీకి వెళ్ళింది. పదకొండుకు గానీ రాదు. ఇంకా గంటకు పైగా ఉంది. ఈలోగా అన్నీ కిందికి దించేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. గోదాము, కుట్టుమిషన్లు, భార్య ముఖం ఒక్కసారే కళ్ళముందు మెదిలాయి. ప్లానాయన రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాడు.

నాలుగో అంతస్తులో తన గది సర్వీసు విభాగం ఇనప సామానుతో నిండిపోయి ఉంది. ఐదో అంతస్తులో, ఎండీ గదిలో, పిన్నిగారు మిషను పెట్టుకుని తాపీగా టైపు చేసుకుంటున్నారు.

"పిన్నిగారూ! ఆ వాక్యం టైపు చేసింది మీరే కదా. ఒక్క ముక్క అడగొచ్చు కదండీ!"

"మీరు రాశారు, నేను కొట్టాను. చదవమని ఎవరు చెప్పారు బాబూ?" అన్నారావిడ తల ఎత్తకుండా. "అయినా ఈ గది బాగుంది. మన గదిలో అసలు వెలుతురు ఉండేది కాదు."

"ఎండీ గారి టేబులేదీ?"

పిన్నిగారు వేలితో పైకప్పు చూపించారు.

ప్లానాయన డాబా మీదికి పోయి చూశాడు. నీళ్ళ ట్యాంకు పక్కన, మండుటెండలో, ఎండీ టేబులు వేసి ఉంది. మీద పూలగుత్తి, కుర్చీకి తువ్వాలు, కాగితాలు ఎగిరిపోకుండా వాటిమీద నాలుగు ఇటుకలు. ఎండీ పర్సనల్ అసిస్టెంటు చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. తు చ తప్పకుండా పనిచేస్తాడని పేరున్న మనిషి. "ఐదు పైన ఆరు లేదు గదండీ, అందుకని ఇక్కడ వేయించాను," అన్నాడు వినయంగా.

ప్లానాయన పరుగున వెనక్కి వచ్చి, మెట్ల కమ్మీ మీద వంగి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాడు. "అందరూ కిందికి! ఎక్కడివాళ్ళక్కడ సామాను కిందికి దించండి!"

ఆ ఉదయం జరిగిన పనుల్లో నిజంగా తెలివితక్కువది ఇదే. అంతదాకా ఆ భవనంలో అందరూ ఒకే దిక్కుకు పోతున్నారు. ఆయన అరిచాక సగం మంది మాట విని వెనక్కి తిరిగారు. సగం మంది వినదలచుకోలేదు. నిమిషం తిరక్కుండా రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్లమలుపులో కొంప మునిగింది. పైనుంచి సర్వీసు విభాగం ఇనప బీరువా, ఆ ఊపులో తన మూడో అంతస్తు కూడా దాటేసి, దిగుతోంది. కిందనుంచి కొనుగోళ్ళ విభాగం పొడుగాటి టేబులు ఎక్కుతోంది. రెండూ మలుపులో ఢీకొని, గోడకూ కమ్మీకీ మధ్య ఇక ఊడిరానంత గట్టిగా బిగుసుకున్నాయి. ఏమైందో చూద్దామని పెట్టె చంకన పెట్టుకుని వచ్చిన స్టోర్సక్క టేబులు అవతల చిక్కుకుపోయింది. బీరువాను కాస్త పక్కకు జరుపుదామని సందులో దూరిన ప్లానాయన ఆ సందులోనే ఇరుక్కుపోయాడు.

"ఎక్కేవాళ్ళను ఆపడానికి మీరెవరండీ?" అన్నాడు కొనుగోళ్ళ పెద్ద. సన్నగా, ఎప్పుడూ ఎవరినో అనుమానిస్తున్నట్టుండే మనిషి. "మా విభాగం ఒక్కటే అమలు చెయ్యలేదనిపించాలనా?"

"దించమని ఏ పేజీలో ఉందో చూపించండి, దించుతాం," అన్నాడు సర్వీసు పెద్ద బీరువాకూ టేబులుకూ మధ్యనుంచి. ఆయన మనిషీ భారీ, గొంతూ భారీ.

"అయ్యా, అది నేను ఊరికే రాశానండీ!"

"మరి మిగతా పుస్తకం?"

ప్లానాయన మళ్ళీ బీరువాను తొయ్యడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్నకు ఇంత ఇరుకులో నిలబడి జవాబు చెప్పడం ఆరోగ్యానికి మంచిది కాదనిపించింది.

పది దాటి పది నిమిషాలైంది. ఎవరూ పైకి పోలేరు, కిందికి పోలేరు. చెమటలు కారుతున్నాయి. బీరువా తలుపు ఊడి, లోపలి ఫైళ్ళు జలజలా టేబులు మీద పడ్డాయి. కొనుగోళ్ళ పెద్ద ఒక ఫైలు తీసుకుని విసురుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, అట్టమీద రాసింది పైకి చదివాడు. "మన సొంత భవనంలో లిఫ్టు మరమ్మతు గురించి."

అందరూ మెడలు సాచారు. ఫైలు ఎనిమిది నెలల కిందటిది. మొదటి కాగితం మీద సర్వీసు పెద్ద రాశాడు: "తలుపు మూసుకుందని మోటారుకు తెలియజేసే చిన్న స్విచ్చు పాడైంది. ఒకటి ఇప్పించగలరు." దానికింద కొనుగోళ్ళ పెద్ద రాశాడు: "కొనే ముందు స్టోర్సులో ఉందేమో కనుక్కోగలరు." దానికింద స్టోర్సక్క రాసింది: "ఉంది. సొంత భవనానికి ఇవ్వాలంటే ప్రణాళికలో ఉండాలి." అన్నిటికన్నా అడుగున, గుండ్రని అందమైన అక్షరాలతో, "తదుపరి ప్రణాళికలో పరిశీలించవచ్చును" అని ఉంది. దానికింద ప్లానాయన సంతకం.

ఎనిమిది నెలలుగా అందరూ రోజూ ఇవే మెట్లెక్కుతున్నారు. మోకాళ్ళ నొప్పులతో పిన్నిగారు రోజూ నాలుగంతస్తులు ఎక్కడం ప్లానాయన స్వయంగా చూస్తున్నాడు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"అక్కా," అన్నాడు చివరికి, "ఆ స్విచ్చు ఇప్పుడెక్కడుందక్కా?"

స్టోర్సక్క చంకలోని పెట్టె తీసి టేబులు మీద పెట్టింది. "ఇదిగో. మూడొందలున్నాయి. మనమే తయారుచేస్తాం కదా."

"ఇదే నాకు ఇస్తే ఇరవై నిమిషాల పని!" అన్నాడు సర్వీసు పెద్ద. "అడిగి అడిగి నోరు నొప్పుట్టింది నాకు."

"నన్ను అడిగావా? కాగితాన్ని అడిగావు," అంది స్టోర్సక్క. "కింది అంతస్తుకు దిగొచ్చి, అక్కా ఒకటివ్వు అంటే ఇవ్వనా?"

ప్లానాయన జేబులోంచి పెన్ను తీశాడు. "పరిశీలించవచ్చును" అన్నదాన్ని అడ్డంగా కొట్టేసి, దాని పక్కన "ఇప్పుడే ఇవ్వండి" అని రాశాడు. ఆ బిగుసుకుపోయిన టేబులు మీదే నలుగురూ సంతకాలు పెట్టారు. ఫైలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవడానికి ఎనిమిది నెలలు పట్టిన దూరం అక్కడ రెండు జానలుంది.

సర్వీసు పెద్ద తన సైజు మర్చిపోయి బీరువా కింది సందులోంచి పాకి, మూడో అంతస్తులో ఆగిపోయి ఉన్న లిఫ్టు దగ్గరికి చేరాడు. తాళం తిప్పిన చప్పుడు, తిట్లు, మళ్ళీ చప్పుడు. పదీ నలభైకి లిఫ్టు గంట టింగుమంది. ఆ చప్పుడుకు మెట్లమీది జనం ఒక్కపెట్టున కేరింతలు కొట్టారు. కొనుగోళ్ళ పెద్ద కళ్ళు తుడుచుకుని, చెమట అన్నాడు.

ఆ ఉత్సాహంలో బీరువా కూడా ఊడొచ్చింది. ప్లానాయనకు మళ్ళీ ఆశ పుట్టింది. ఇరవై నిమిషాలుంది, లిఫ్టుంది, ఒక్కొక్కటే దించేయొచ్చు. మెట్లదారి ఖాళీ అయ్యేలా ముందు బీరువాను లిఫ్టులోకి తోయించి, తానూ దాని పక్కన దూరి, అన్నిటికన్నా కింది అంతస్తు మీట నొక్కాడు. లిఫ్టు మెత్తగా కిందికి దిగి, తలుపు తెరుచుకుంది.

ఎదురుగా ఎండీ. పది నిమిషాలు ముందే వచ్చేసింది. పక్కన సంచీ పెద్దమనిషి.

ఆవిడ లిఫ్టును చూసింది. బీరువాను చూసింది. బీరువా పక్కనుంచి సగం కనబడుతున్న ప్లానాయనను చూసింది. "పనిచేస్తోందా ఇది?" అంది.

"చేస్తోంది మేడమ్."

"ఎప్పట్నుంచి?"

"పది నిమిషాలవుతోంది మేడమ్."

ఆవిడ ఇంకేమీ అనకుండా లోపలికొచ్చి ఐదు నొక్కింది. కంపెనీ దొరికిందన్న సంతోషంతో పెద్దమనిషి కూడా ఎక్కేశాడు. దారిలో ఆయన రిసెప్షన్ దగ్గర దిగిపోయాడు. మిగతా నాలుగంతస్తులూ ప్లానాయన బీరువాకూ ఎండీకీ మధ్య ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. బతుకులో అంత పొడుగైన ప్రయాణం చేసిన గుర్తు లేదాయనకు.

"మీ గది పైనమ్మా," అన్నారు పిన్నిగారు ఐదో అంతస్తులో తలుపు తెరుచుకోగానే. "గాలి బాగా వస్తుంది."

పదకొండింటికి మీటింగు డాబా మీదే మొదలైంది. ఒక్కొక్క విభాగాధిపతీ లేచి, గొంతు సవరించుకుని, అరవై రెండో పేజీ అమలు చేశామని గర్వంగా చెప్పి కూర్చున్నాడు. ఎండీ అందరిదీ విని, నీళ్ళ ట్యాంకు వంక కాసేపు చూసి, "ఎందుకు మారాం?" అని అడిగింది. తలకాయలన్నీ ప్లానాయనవైపు తిరిగాయి.

నోరు విప్పకుండా కూర్చునే అవకాశం అక్కడితో అయిపోయింది. లేచి నిలబడ్డాడు. ఏదైనా పెద్ద మాట దొరుకుతుందేమోనని వెతికాడు. అలాంటి మాటలు ఎనభై మూడు పేజీలకు సరిపడా ఉన్నాయి ఆయన దగ్గర. ఒక్కటీ నోటికి రాలేదు.

"పొరపాటు మేడమ్. నేను రాసేది ఎవరూ చదవట్లేదని కోపమొచ్చి పోయినేడాది రాశాను. ఈ ఏడు తీసెయ్యడం మర్చిపోయాను. ఏటా పాతదే మార్చి ఇస్తున్నాను. ఇక మీ ఇష్టం," అని కూర్చోబోయి, మళ్ళీ లేచి, "వీళ్ళ తప్పేం లేదు మేడమ్. పాపం బరువులు మోశారు," అన్నాడు.

"పొరపాటని నాకూ తెలిసింది," అంది ఎండీ. "ప్రణాళికలో ఇంత స్పష్టమైన వాక్యం ఎవరూ కావాలని రాయరు." ఇటుక కిందనుంచి ఒక కాగితం లాగింది. "నిన్న ఎనభై నాలుగు పేజీలూ చదివాను. చదివి, మీ విభాగం మూసెయ్యమని ఈ ఆర్డరు రాయించాను. ఇందులో ఏది తీసేసినా కంపెనీలో ఏమీ మారదనిపించింది. అరవై రెండో పేజీ చదివినప్పుడు నవ్వొచ్చింది. దీన్ని ఎవరైనా చేస్తారని మాత్రం అనుకోలేదు." కుర్చీల్లో కూర్చున్నవాళ్ళను కలయజూసింది. "చేశారు. ఎందుకంటే ఎవరు చెయ్యాలో ఉంది, ఏం చెయ్యాలో ఉంది, ఎప్పటికి చెయ్యాలో ఉంది. మీరేమో పని చెయ్యడానికి ఇంత ఆకలిమీదున్నారు. సరే, లిఫ్టు సంగతేంటి? నేను వచ్చిన రోజునుంచీ అడుగుతున్నాను."

"అందరం ఒకేచోట ఇరుక్కుపోయాం మేడమ్," అన్నాడు సర్వీసు పెద్ద. "అందుకని అయిపోయింది."

ఎండీ మొదటిసారి నవ్వింది. నవ్వి, ఆ ఆర్డరును నాలుగు ముక్కలు చేసి మళ్ళీ ఇటుక కిందే పెట్టింది. "అయితే ప్రణాళికా విభాగం పని అదే. వారానికి ఒకసారి వీళ్ళందర్నీ ఒకేచోట ఇరికించండి. వచ్చే ప్రణాళిక ఒక్క పేజీ. అందులో ఉన్న ప్రతి వాక్యమూ మనిషన్నవాడు చెయ్యగలిగేది అయ్యుండాలి. మీరే రాయాలి."

ప్లానాయనకు ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది. పన్నెండేళ్ళుగా ఎనభై నాలుగు పేజీల వెనక దాక్కుని ఎంత భయపడుతూ బతికాడో, ఆ భయం దిగిపోయాక గానీ ఆయనకు తెలియలేదు. స్టోర్సక్క వెనకనుంచి వీపుమీద ఒక్క చరుపు చరిచింది. కొనుగోళ్ళ పెద్ద చెయ్యి కలిపి, ఎందుకైనా మంచిదని రెండుసార్లు ఊపాడు.

మీటింగు ముగియగానే ట్యాంకు నీడలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు. మెట్లమీద అరిచిన అరుపుకు గొంతు బొంగురుపోయింది.

"ఏమైందండీ? అదేంటి ఆ గొంతు? ఎక్కడున్నారు?"

"డాబా మీద."

అవతల కుట్టుమిషను ఠక్కున ఆగిపోయింది.

"ఏవండీ," అంది భార్య చాలా మెల్లగా, "ముందు ఆ పిట్టగోడకు దూరంగా జరగండి. గోదాముకే పోదాం. నేనూ వస్తాను. మిషన్లు నేనే మోసుకొస్తాను, దుకాణం అక్కడే పెట్టుకుంటాను. మీరు దిగి ఇంటికి రండి చాలు."

ప్లానాయన కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. పదిహేనేళ్ళు ఆలోచించి తెరిచిన దుకాణాన్ని పదిహేను క్షణాల్లో వదులుకుందావిడ.

"లేదు లేదు, ఉద్యోగం ఉంది! మనం ఎక్కడికీ పోవట్లేదు. మీటింగే ఇక్కడ పెట్టారు."

"మీటింగు డాబా మీద పెట్టడమేంటి? ఎవరు పెట్టమన్నారు?"

"నేనే," అన్నాడు ప్లానాయన.

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి వినిపించింది. ఆ తర్వాత పావుగంటసేపు ఆవిడ ఆయనను ఆపకుండా తిట్టింది. ఆయన నీడలో నిలబడి, ఒక్క మాట కూడా వదలకుండా హాయిగా విన్నాడు.

కిందికి దిగమని ప్రణాళికలో ఎక్కడా రాసిలేదు గనుక ఆ కంపెనీ ఈనాటికీ ఒక అంతస్తు పైనే నడుస్తోంది. ఎండీ టేబులు మీదికి మాత్రం ఈమధ్యనే రేకులు వేయించారు.